మాటల పుట్టిళ్ళు: మూసిన గుప్పిట కథ



క్రిందటి నెల నాకు వచ్చిన ఉత్తరాలలో, ఆరవ తరగతి చదివే ఒక అమ్మాయి వ్రాసినది నన్ను చాలాసేపు ఆలోచింపజేసింది. దాని సారాంశం ఇది:

"మాస్టారుగారూ! ఎన్నికల రోజున మా నాయనమ్మ వెళ్ళి ఓటు వేసి వచ్చింది. ఎవరికి వేశావని ఇంట్లో అందరూ అడిగారు. తాతయ్య అడిగాడు, నాన్న అడిగాడు, ఆఖరికి నేనూ అడిగాను. నాయనమ్మ నవ్వి, 'అది బ్యాలెట్టమ్మా, చెప్పకూడదు' అంది. తాతయ్యకు కోపం వచ్చింది. 'ఇన్నేళ్ళు కలిసి కాపురం చేశాం, నా దగ్గర కూడా దాపరికమా?' అన్నాడు. మాస్టారుగారూ, బ్యాలెట్టు అంటే రహస్యమని అర్థమా? మా నాయనమ్మ చేసింది తప్పా?"

ఇందులో రెండు ప్రశ్నలున్నాయి. మొదటిది మాటను గూర్చినది. రెండవది మంచిచెడ్డలను గూర్చినది. మొదటిదానికి జవాబు వెదుక్కుంటూ పోతే, రెండవదానికి జవాబు దారిలోనే దొరుకుతుంది. కనుక రండి, ఆ మాట పుట్టింటికి బయలుదేరుదాం.

చిట్టి బంతి

ముందుగా ఒక సంగతి చెబితే మీరు నవ్వుతారు. బ్యాలెట్టు అనే మాటకు రహస్యమని అర్థం లేదు. కాగితమనీ లేదు, పెట్టె అనీ లేదు. ఆ మాటకు అసలు అర్థం 'చిట్టి బంతి'!

బంతిని ఇంగ్లీషులో బాల్ అంటారని మీకు తెలుసు. ఇటలీ దేశపు ఉత్తర ప్రాంతాల పలుకుబడిలో దానిని 'బల్లా' అనేవారు. చిన్న వస్తువును మనం ముద్దుగా పిలవాలంటే ముందు 'చిట్టి' అని తగిలిస్తాం: చిట్టి చిలక, చిట్టి చెల్లి. ఇటలీవారు ఆ పని మాట చివర చేస్తారు. బల్లా చిన్నదైతే 'బల్లోట్టా' అవుతుంది. ఆ బల్లోట్టాయే ఇంగ్లీషువారి నోటబడి బ్యాలెట్టు అయింది. 16వ శతాబ్దం మధ్యకాలానికి అది ఇంగ్లీషు పుస్తకాలకు ఎక్కింది. అక్కడినుంచి ఓడలెక్కి, మన దేశానికి వచ్చి, మీ ఉత్తరంలోని నాయనమ్మగారి నోటిదాకా చేరింది. మాటలు చేసే ప్రయాణాలు చూశారా!

ఇంగ్లీషులోనే 'బుల్లెట్' అని ఇంకొక మాట ఉంది, తుపాకీ గుండు అన్నమాట. చిత్రమేమిటంటే దానికి కూడా అసలు అర్థం చిట్టి బంతే. అయితే ఈ రెండింటికీ తల్లులు వేరు. బ్యాలెట్టు ఇటలీనుంచి వచ్చింది. బుల్లెట్ ఫ్రాన్సునుంచి వచ్చింది. ఆ మాటకు అమ్మమ్మ నీటి బుడగ అనే అర్థం గల ఒక లాటిన్ మాట. రెండూ చిట్టి బంతులే. ఒకదానితో తగవు తీర్చుకోవచ్చు, ఇంకొకదానితో తగవు పెంచుకోవచ్చు.

సరే, ఓటుకూ బంతికీ ఏమిటి సంబంధం?

నీటిమీది నగరం

ఇటలీలో వెనిస్ అనే నగరం ఉంది. అక్కడ వీథులకు బదులు కాలువలుంటాయి, బండ్లకు బదులు పడవలుంటాయి. వందల సంవత్సరాలు ఆ నగరానికి రాజు లేడు. పెద్ద కుటుంబాలవారి మహాసభ ఒకటి ఉండేది. ఆ సభవారు 'డోజ్' అనే అధినేతను ఎన్నుకొనేవారు. ఆయన బ్రతికినంతకాలం ఆ పదవిలో ఉండేవాడు.

ఏ ఒక్క కుటుంబమూ కూడబలుక్కొని పదవిని కాజేయకుండా, వారు 1268లో ఒక పద్ధతి పెట్టారు. వినండి, మీ లెక్కల మాస్టారు కూడా తికమకపడతారు. ముందు లాటరీ తీసి 30 మందిని పిలుస్తారు. మళ్ళీ లాటరీ తీసి వారిని 9 మందికి తగ్గిస్తారు. ఆ 9 మంది 40 మందిని ఎన్నుకొంటారు. లాటరీతో ఆ 40 మంది 12 అవుతారు. ఆ 12 మంది 25 మందిని ఎన్నుకొంటారు. వారు మళ్ళీ 9కి తగ్గుతారు. ఆ 9 మంది 45 మందిని ఎన్నుకొంటారు. వారు 11కు తగ్గుతారు. ఆ 11 మంది 41 మందిని ఎన్నుకొంటారు. ఆ 41 మందిలో కనీసం 25 మంది ఒప్పుకొన్నవాడే డోజ్! 1797లో ఆ రాజ్యం అంతరించేదాకా ఈ పద్ధతి నడిచింది.

ఈ లాటరీ తీయడానికి పెద్దలు పనికిరారు, వారు ఏ మాయైనా చేయవచ్చు. అందుకని సభలో అందరికంటె చిన్నవాడైన సభ్యుడు బయటికి వెళ్ళి, తనకు మొదట ఎదురైన కుర్రవాణ్ణి వెంటబెట్టుకు వచ్చేవాడు. వాడు మీ ఈడువాడే. పాత్రలో చెయ్యి పెట్టి బంతులు తీయడం వాడి పని. 'బల్లోట్టా' తీసేవాడు కనుక వాడిని కూడా ఆ మాటతోనే, 'బల్లోత్తీనో' అని పిలిచేవారు.

ఇది చదివినప్పుడు నాకు మన దక్షిణ దేశం జ్ఞాపకం వచ్చింది. తమిళనాడులో కాంచీపురం జిల్లా ఉత్తరమేరూరులో, చోళరాజు పరాంతకుని కాలంనాటి శాసనాలున్నాయి. క్రీ. శ. 919, 921 సంవత్సరాలవి. ఊరి సభకు మనుషులను తీసుకొనేటప్పుడు, తగినవారి పేర్లు తాటాకులమీద వ్రాసి కుండలో వేసి, అందరి ఎదుట ఒక చిన్న పిల్లవాడిచేత ఆకు తీయించాలని వాటిలో చెప్పారు. ఆ పద్ధతి పేరు 'కుడవోలై', అనగా కుండా, తాటాకూ. వెనిస్‌కూ ఉత్తరమేరూరుకూ ఎంతో దూరం. ఒకరిని చూచి ఒకరు నేర్చుకొన్నది కాదు. అయినా కల్లాకపటం లేని చెయ్యి కావలసివచ్చినప్పుడు రెండుచోట్లా పెద్దలకు పిల్లలే గుర్తుకు వచ్చారు!

అయితే చీటీ తీయడం వేరు, ఓటు వేయడం వేరు. చీటీ అదృష్టం మాట చెబుతుంది. ఓటు మనసులోని మాట చెబుతుంది. వెనిస్‌లో రెండవదానికి కూడా చిట్టి బంతులనే వాడేవారు. 'సరే' అనేవారు ఒక పెట్టెలో, 'వద్దు' అనేవారు ఇంకొక పెట్టెలో బంతి జారవిడవాలి. బంతి గుప్పిట్లో ఇముడుతుంది. చెయ్యి పెట్టెలోపల ఉంటుంది. ఏ పెట్టెలో విడిచాడో ప్రక్కవాడికి కనిపించదు.

మరి చప్పుడు? కనిపించకపోయినా వినిపిస్తుంది కదా! వారు దానికి కూడా ఉపాయం ఆలోచించారు. బంతులను గుడ్డతో చేయించారు. గుడ్డ బంతి పడితే చప్పుడు కాదు. ఈ గుడ్డ సంగతి కొంచెం జ్ఞాపకం ఉంచుకోండి, తరువాత పనికివస్తుంది.

బొటనవేలు, చూపుడువేలు

గుప్పిట మూసే ఉపాయం వెనిస్‌వారికంటె ఎంతో ముందే గ్రీకులకు తెలుసు. గ్రీకు భాషలో గులకరాయిని 'ప్సెఫోస్' అంటారు. వారు గులకరాళ్ళతో ఓట్లు వేసేవారు కనుక ఆ మాటకు ఓటు అనే అర్థం కూడా వచ్చింది. ఎన్నికల ఫలితాలను లెక్కలతో పరిశీలించేవారిని మన పత్రికలు 'సెఫాలజిస్టులు' అంటాయి. అనగా గులకరాళ్ళ శాస్త్రజ్ఞులు!

క్రీస్తుకు పూర్వం 4వ శతాబ్దంలో ఏథెన్సు నగరపు న్యాయస్థానాలలో వందలమంది పౌరులు కూర్చుని తీర్పు చెప్పేవారు. ప్రతివాడికీ రెండు కంచు బిళ్ళలు ఇచ్చేవారు. బొంగరానికి మేకు ఉన్నట్టు, బిళ్ళకు నడుమ ఒక చిన్న ఇరుసు ఉంటుంది. ఒక బిళ్ళ ఇరుసు గట్టిది. రెండవదాని ఇరుసు బోలు, అంటే సన్నని గొట్టం. బోలుది ఫిర్యాదు చేసినవాడి పక్షం, గట్టిది ప్రతివాది పక్షం. ఇరుసు రెండు కొనలనూ బొటనవేలితో, చూపుడువేలితో అదిమి పట్టుకొంటే, అది బోలుదో గట్టిదో పట్టుకొన్నవాడికి తప్ప ఇతరులకు తెలియదు. తన తీర్పు బిళ్ళను కంచు పాత్రలోనూ, మిగిలినదానిని కొయ్య పాత్రలోనూ వేసి వెళ్ళిపోతాడు. కంచు పాత్రలోనివే లెక్కలోకి వస్తాయి. ఈ బిళ్ళలు ఏథెన్సు త్రవ్వకాలలో దొరికాయి.

భిక్షువుల పుల్లలు

మరి మన దేశంలోనో? ఇక్కడా ఉంది, ఎంతో పూర్వమే ఉంది. బౌద్ధభిక్షువుల నియమాలు చెప్పే వినయపిటకంలో 'చుల్లవగ్గ' అనే భాగం ఉంది. సంఘంలో భిక్షువులకు ఏదైనా విషయంలో భేదాభిప్రాయం వచ్చి, ఎంతకూ తెమలకపోతే, శలాకలు పంచి తేల్చేవారు. శలాక అంటే చిన్న పుల్ల. ఒక్కొక్క పక్షానికి ఒక్కొక్క రంగు పుల్ల.

శలాకలు పంచడానికి మూడు పద్ధతులున్నాయి. ఒకటి బహిరంగంగా. రెండవది చెవిలో చెప్పి. మూడవది రహస్యంగా. ఈ మూడవదానిని పాళీభాషలో 'గూళ్హకం' అన్నారు. మనం గూఢం, గూఢచారి అంటామే, ఆ మాటకు ఇది స్వయానా తోబుట్టువు. పంచే భిక్షువు ఒక్కొక్కరినీ పిలిచి, ఈ రంగు ఈ పక్షానికి, ఆ రంగు ఆ పక్షానికి, నీ ఇష్టం వచ్చినది తీసుకో అని చెప్పాలి. తీసుకొన్న తరువాత, దీనిని ఎవ్వరికీ చూపవద్దు అని కూడా చెప్పాలి. ఆ పంచేవాడు కూడా ఎటువంటివాడై ఉండాలో వ్రాశారు: పక్షపాతం ఉండకూడదు, ద్వేషం ఉండకూడదు, మూఢత్వం ఉండకూడదు, భయం ఉండకూడదు. ఈనాటి ఎన్నికల అధికారికి కూడా ఇంతకంటె మంచి లక్షణాలు నేను చెప్పలేను.

గులకరాయి, కంచుబిళ్ళ, రంగుపుల్ల, గుడ్డబంతి: ఊళ్ళు వేరు, వస్తువులు వేరు. కాని అన్నీ గుప్పిట్లో పట్టేవే.

"దాచుకోవడం పిరికితనం కాదా?"

ఇప్పుడు మీలో ఒకరు లేచి, "మాస్టారూ, మంచిపని అయితే దాచడమెందుకు? ధైర్యంగా అందరి ఎదుటా చెప్పవచ్చు కదా!" అని అడగవచ్చు. మంచి ప్రశ్న. ఇంగ్లండులో ఎంతోమంది పెద్దలు ఈ ప్రశ్నే వేశారు. వారి వాదం నెగ్గడంవల్ల 1872 దాకా అక్కడ పార్లమెంటు ఎన్నికలలో ఓటరు అందరి ఎదుటా నిలబడి, తాను ఎవరికి ఓటు వేస్తున్నాడో పైకి చెప్పవలసి ఉండేది. గుమాస్తా దానిని వ్రాసుకొనేవాడు. ఎవరు ఎవరికి వేశారో చాలా ఊళ్ళలో పుస్తకాలు అచ్చువేసి అమ్మేవారు కూడా!

దానివల్ల ఏమి జరిగింది? భూస్వామి ఆ జాబితాలో తన కౌలుదారుల పేర్లు వెదికేవాడు. 1868 ఎన్నికల తరువాత వేల్స్ ప్రాంతంలో, భూస్వామి చెప్పినవారికి ఓటు వేయలేదని కొందరు కౌలురైతులను పొలాలనుంచి వెళ్ళగొట్టారు. 1838లోనే అక్కడి కార్మికుల ఉద్యమం కోరిన ఆరు కోరికలలో రహస్య ఓటు ఒకటి. అప్పుడు వినేవారు లేకపోయారు.

దారి చూపింది ఆస్ట్రేలియా. 1856లో అక్కడి విక్టోరియా, దక్షిణ ఆస్ట్రేలియా వంటి వలసరాజ్యాలు రహస్య ఓటును చట్టం చేశాయి. పోటీచేసేవారి పేర్లన్నీ ఉన్న కాగితాన్ని ప్రభుత్వమే అచ్చువేసి ఇవ్వడం, ఓటరు చాటున నిలబడి గుర్తు పెట్టడం అక్కడ మొదలైనవే. చిట్టి బంతి పేరు కాగితానికి కూడా అంటుకొంది.

1872లో ఇంగ్లండు కూడా 'బ్యాలెట్ చట్టం' చేసింది. ఆ చట్టం ప్రకారం పార్లమెంటుకు మొదటి రహస్య ఎన్నిక అదే సంవత్సరం ఆగస్టు 15వ తేదీన పాంట్‌ఫ్రాక్ట్ అనే ఊళ్ళో జరిగింది. ఆ ఊరు అతిమధురంతో చేసే మిఠాయి బిళ్ళలకు ప్రసిద్ధి. ఓట్ల పెట్టెకు లక్క ముద్ర వేయవలసివచ్చి, మిఠాయి బిళ్ళలమీద వేసే ముద్రతోనే వేశారు! ఆ పెట్టెను అక్కడి ప్రదర్శనశాలలో భద్రపరిచారు.

నేను చేసిన తప్పు

దాచుకోవడం పిరికితనమని అన్నవారిని నేను ఊరికే తప్పుపట్టను. ఎందుకంటే ఒకప్పుడు నేను కూడా ఆ మాటే అన్నాను. మీకు చెప్పవలసిన సంగతి కనుక చెబుతాను.

నేను ఉపాధ్యాయ శిక్షణ పూర్తిచేసి ఒక పల్లెటూరి బడిలో చేరిన తొలిరోజులవి. ఏడవ తరగతిలో 41 మంది పిల్లలు. తరగతి నాయకుణ్ణి ఎన్నుకోవాలి. పోటీలో ఇద్దరు నిలబడ్డారు: ఊళ్ళోని మోతుబరి రైతు కొడుకు, ఒక నేతపనివారి అమ్మాయి. "ఎవరు ఎవరివైపో చేతులెత్తండి" అన్నాను.

ముందు ఆ అమ్మాయికి ఎత్తమన్నాను. అయిదు చేతులు లేచాయి. ఆరవ చెయ్యి ఒకటి సగం లేచింది. ఆ చెయ్యి ఎత్తిన కుర్రవాడు మోతుబరి కొడుకువైపు ఒకసారి చూశాడు. చెయ్యి చటుక్కున దించేశాడు. తరువాత రెండవవైపు ఎత్తమన్నప్పుడు తల వంచుకొని చెయ్యి ఎత్తాడు. లెక్క 36కు 5.

నాకు కోపం వచ్చింది. వాణ్ణి నిలబెట్టి, "మనసులో ఉన్నది చెప్పడానికి ఎందుకురా ఆ భయం? ఇంత పిరికివాడివి రేపు ఏమి చదివి ఏమి బాగుపడతావు?" అన్నాను. తరగతి అంతా నవ్వింది. వాడు నోరు మెదపలేదు.

సాయంకాలం బడి తలుపులు వేస్తూండగా వాడు వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. "మాస్టారూ, మా నాయన వాళ్ళింట్లో పాలేరండీ. ఈ ఏటి జీతం వడ్లు ఇంకా కొలవలేదండీ" అన్నాడు. అంతే, ఇంకొక్క మాట అనకుండా వెళ్ళిపోయాడు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ చెయ్యి వాడిది ఒక్కడిదే కాదు. దాని వెనుక వాళ్ళ ఇంటి అన్నం కుండ ఉంది. నేను వాణ్ణి ధైర్యంగా ఉండమన్నాను. ఆ ధైర్యానికి ఖరీదు నేనిస్తానా? ఇవ్వను. వాళ్ళ నాన్న ఇవ్వాలి. ఇతరుల ఖర్చుమీద ధైర్యం నేర్పే ఉపాధ్యాయుడు మంచి ఉపాధ్యాయుడు కాడు.

మరునాడు తరగతిలో, "నిన్న నేను పెట్టిన ఎన్నిక సరైనది కాదు. తప్పు నాది, మీది కాదు. మళ్ళీ పెడుతున్నాను" అన్నాను. నల్లబల్లను ఒక మూలకు జరిపి, దాని చాటున రెండు కుండలు పెట్టాను. ఎడమది అమ్మాయికి, కుడిది అబ్బాయికి. తలా ఒక చింతగింజ ఇచ్చాను. ఒక్కొక్కరే వెళ్ళి వేసి రావాలి.

మొదటి ఇద్దరు వేసి వచ్చారో లేదో, వెనుక బల్లమీదనుంచి ఒక పిల్ల లేచింది. "మాస్టారూ, ఎడమ కుండ పెద్దది, అందులో పడితే 'టక్' అంటోంది. కుడిది చిన్నది, 'టిక్' అంటోంది. అందరికీ తెలిసిపోతోంది!" అంది. నాకు తట్టనిది ఆ పిల్లకు తట్టింది. వేసిన రెండు గింజలూ తీసేసి, రెండు కుండల అడుగునా గుడ్డ మడతపెట్టి వేసి మళ్ళీ మొదలుపెట్టాం. చాలా ఏళ్ళ తరువాత వెనిస్ గుడ్డబంతుల సంగతి చదివినప్పుడు, ఆ పిల్ల జ్ఞాపకం వచ్చి ఒంటరిగా నవ్వుకొన్నాను.

ఫలితం ఏమయిందంటారా? మోతుబరి కొడుకే గెలిచాడు. కాని ఈసారి లెక్క 22కు 19!

అసలు వింత ఆ తరువాత జరిగింది. ముందు రోజు తనకు చెయ్యి ఎత్తని అయిదుగురి మొహాలూ వాడికి తెలుసు. ఇప్పుడు తనకు గింజ వేయనివారు 19 మంది ఉన్నారని తెలుసు గాని, వారెవరో తెలియదు. ఎవరిమీద కోపగించుకోవాలి? ఎవరిని దూరం పెట్టాలి? ఎవరినీ పెట్టడానికి వీలులేదు. అందుచేత వాడు అందరితోనూ మంచిగా ఉండవలసివచ్చింది. మొదట అవసరం కొద్దీ, పోనుపోను అలవాటు కొద్దీ. ఆ సంవత్సరం వాడు మంచి నాయకుడనే పేరు తెచ్చుకొన్నాడు.

ఆ పాలేరు కొడుకు గింజ ఏ కుండలో పడిందో నాకు ఈనాటికీ తెలియదు. తెలియకపోవడమే న్యాయం.

మన పెట్టెలు

మన దేశం స్వతంత్రమయ్యాక జరిగిన మొదటి సాధారణ ఎన్నికలు 1951-52లో జరిగాయి. ఓటర్లు సుమారు 17 కోట్ల 30 లక్షలమంది. 1951 జనాభా లెక్కల ప్రకారం చదువు వచ్చినవారు నూటికి 18 మందే. చదవడం రానివారు రహస్యంగా ఓటు వేయడమెట్లా? ఇంకొకరిచేత చదివించుకొంటే రహస్యం దక్కదు కదా! అందుకని పోటీచేసే ఒక్కొక్కరికీ ఒక్కొక్క పెట్టె పెట్టి, పెట్టెమీద వారి గుర్తు బొమ్మ అంటించారు. ఓటరు చాటుకు వెళ్ళి, తనకు నచ్చిన బొమ్మ పెట్టెలో కాగితం వేసి వచ్చేవాడు. సుకుమార్ సేన్ అనే ఆయన ఆనాటి మొదటి ప్రధాన ఎన్నికల కమిషనరు. 1962 సాధారణ ఎన్నికల నాటికి పేర్లూ గుర్తులూ అన్నీ ఉన్న ఒకే కాగితంమీద ముద్ర వేసి, ఒకే పెట్టెలో వేసే పద్ధతి వచ్చింది.

1982లో కేరళలోని పరవూరులో మొదటిసారిగా కొన్ని కేంద్రాలలో యంత్రంతో ఓటు వేయించారు. 2004 లోక్‌సభ ఎన్నికలలో దేశమంతటా యంత్రాలే వాడారు. ఆ యంత్రంలో ఓటరు మీట నొక్కే భాగాన్ని ఏమంటారో తెలుసా? 'బ్యాలెట్ యూనిట్' అంటారు! బంతి పోయింది, కాగితం పోయింది, చిట్టి బంతి పేరు మాత్రం పోలేదు. కాగితం కూడా బొత్తిగా పోలేదు. తెలంగాణలో 2019లోనూ, ఆంధ్రప్రదేశ్‌లో 2021లోనూ జరిగిన గ్రామ పంచాయితీ ఎన్నికలలో కాగితాలూ పెట్టెలే వాడారు.

నాయనమ్మగారి తీర్పు

ఇక ఉత్తరం వ్రాసిన అమ్మాయికి జవాబు.

అమ్మాయీ, మన దేశంలో 1951లో చేసిన ప్రజాప్రాతినిధ్య చట్టం ఉంది. అందులో 94వ సెక్షను ప్రకారం, ఎన్నికలలో ఎవరికి ఓటు వేశావో చెప్పమని ఓటరును ఎవ్వరూ నిర్బంధించడానికి వీలులేదు. సాక్షిగా బోనులో నిలబెట్టి అడిగినా చెప్పనక్కరలేదు. న్యాయస్థానంలో చెప్పనక్కరలేనిది వంటింట్లో చెప్పి తీరాలా? మీ నాయనమ్మ చేసింది తప్పు కాదు. ఆ గుప్పిట ఆమెది. ఇంటికి వచ్చాక విప్పాలో వద్దో ఆమె ఇష్టం.

కాని పోలింగు గదిలో మాత్రం విప్పడానికి ఎవరికీ హక్కు లేదు. అక్కడ తన ఓటును ఇతరులకు చూపితే ఆ ఓటు పోతుంది. ఎందుకింత పట్టుదల? చూపించడానికి వీలుంటే, చూపించమని అడిగేవాడు బయలుదేరుతాడు. డబ్బిచ్చి ఓటు కొనేవాడికైనా, బెదిరించి గుంజుకొనేవాడికైనా, చెప్పినట్టు వేశారో లేదో తెలిస్తేనే కదా పని జరిగేది? తెలుసుకొనే దారి మూసేస్తే, వాడి డబ్బూ బెదిరింపూ రెండూ నీళ్ళపాలే.

అన్ని ఓట్లూ రహస్యం కావని కూడా తెలుసుకోండి. మనం ఎన్నుకొన్న ప్రతినిధులు చట్టసభలో మన తరఫున ఓటు వేస్తారు. వారు చట్టాలమీద ఎటు వేశారో మనకు తెలియాలి. అది వారి సొంత గుప్పిట కాదు, మనం అప్పగించినది.

మీ తాతయ్యగారితో నా మాటగా ఒకటి చెప్పు. నమ్మకం లేక నాయనమ్మ చెప్పలేదని అనుకోవద్దని చెప్పు. ఏ భయమూ లేని ఇంట్లో కూడా ఆ గుప్పిట మూసి ఉంచడం అలవాటైతేనే, భయం ఉన్న ఇంట్లో మూసినవారిమీద ఎవరికీ అనుమానం రాదు. మీ నాయనమ్మ మౌనం ఊళ్ళోని ఎందరో పాలేర్ల మౌనానికి కాపలా.

చేసి చూడండి

రెండు గుండ్రని అట్టముక్కలు కత్తిరించండి. నడుమ రంధ్రం చేసి, ఒకదానిలో బొప్పాయి కాడ ముక్క, రెండవదానిలో అంతే లావూ అంతే పొడవూ గల కొయ్యపుల్ల ముక్క దూర్చండి. బొప్పాయి కాడ బోలు, పుల్ల గట్టిది. కొనలను రెండు వేళ్ళతో అదిమి పట్టుకొని, ఏది ఏదో చెప్పమని మీ స్నేహితులను అడగండి. ఏథెన్సువారి తెలివి తెలుస్తుంది. తరువాత మీ తరగతిలో ఒక ఎన్నిక పెట్టుకోండి. కుండ అడుగున గుడ్డ వేయడం మాత్రం మరచిపోకండి!

వచ్చే నెల ఎన్నికలకు సంబంధించిన మాటే ఇంకొకటి చూద్దాం. పోటీకి నిలబడేవారిని ఇంగ్లీషులో 'కాండిడేట్' అంటారు. ఆ మాటకూ చాకలి ఉతికిన తెల్లబట్టకూ చుట్టరికం ఉంది. అదేమిటో ఆలోచించి వ్రాయండి.

అంతవరకు సెలవు.

మీ మాస్టారు